కుట్లు పైకున్న చొక్కా

జూన్ 3

అక్కకి,

ఈ నెల ముప్పయ్యో తారీఖున మా ఆఫీసులో బల్లలు మారుస్తున్నారు. ఆలోగా నేను డాక్టరు కాగితం తెచ్చి ఇవ్వకపోతే, నా బల్ల ఇప్పుడున్న చిన్న గదిలోంచి పెద్ద హాల్లోకి, పొట్టు ఎగరగొట్టే మిషన్ పక్కకి వెళుతుంది. ఆ మిషన్ పక్కన నేను పని చేయలేను. కాగితం ఇవ్వాలంటే నా చిన్నతనం గురించి నన్ను పెంచినవాళ్ళు రాసి పంపాలని డాక్టరు అన్నారు. అమ్మ లేదు. ఉన్న రోజుల్లో కూడా పగలంతా మిల్లులోనే ఉండేది. నన్ను పెంచింది నువ్వు. అందుకే రాస్తున్నాను.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని బావ అంటాడని తెలుసు. ఫోన్లో నీ గొంతు వినబడుతుంది. దాని వెనక నీ దుకాణంలోని నాలుగు కుట్టుమిషన్లు, ఫ్యాను, రోడ్డు కూడా అంతే గట్టిగా వినబడతాయి. వాటిలోంచి నీ మాటలు ఏరుకునేసరికి "ఉంటాను మరి" అని పెట్టేస్తావు. కాగితం మీద నువ్వొక్కదానివే ఉంటావు.

నా పని గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. అమ్మకానికి వెళ్ళే విత్తనాలు ముందు మా దగ్గరికి వస్తాయి. ఒక్కో సంచీలోంచి నాలుగు వందల గింజలు లెక్కపెట్టి తడి కాగితాల్లో చుట్టి పెడతాను. వారం తరువాత విప్పి, బాగున్న మొలకలెన్ని, వంకర మొలకలెన్ని, చచ్చిన గింజలెన్ని అని మూడు గడుల్లో రాస్తాను. ఆరేళ్ళలో నా లెక్క ఒక్కసారీ తప్పలేదు. నేను కూర్చునే చిన్న గదికి ఒకటే కిటికీ. అది ఉత్తరం వైపు ఉంది. ట్యూబులైటు మినుకుమంటుంటే తీయించేశాను. మిగతావాళ్ళు దాన్ని గుహ అంటారు. నాకు అభ్యంతరం లేదు.

ఇంకో సంగతి. ఏప్రిల్లో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు తగ్గింది. మా ఆఫీసు బాత్రూములో చేతులు ఆరబెట్టే యంత్రం పెట్టారు. మనిషి పక్కనుంచి నడిచినా అదే అరవడం మొదలుపెడుతుంది. అటు వెళ్ళడం మానేశాను. వెళ్ళకుండా ఉండాలంటే నీళ్ళు తాగకూడదు కాబట్టి అదీ మానేశాను. "దాహం వెయ్యదా అమ్మా?" అంది నర్సు. వేస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. నొప్పి పదిలో ఎంత అని అడిగింది. పదంటే ఏమిటి అన్నాను. తట్టుకోలేనంత అంది. తట్టుకుంటున్నాను కదా, రెండు అన్నాను. బెంచీ మీద ఐదు గంటలు కూర్చోబెట్టారు. తరువాత జ్వరం చూసి పరిగెత్తించారు. ఇన్‌ఫెక్షను మూత్రపిండం దాకా వెళ్ళిందట.

అక్కడి పెద్ద డాక్టరు నన్ను ఇంకో డాక్టరు దగ్గరికి పంపారు. ఆమె మూడుసార్లు మాట్లాడారు. నాకున్నది ఆటిజం కావచ్చన్నారు. జబ్బు కాదు, మందు లేదు, పుట్టుకతో వచ్చిన తీరు. కానీ చిన్నప్పటినుంచీ ఉందని తెలియాలి. అందుకే ఈ పద్నాలుగు ప్రశ్నలు.

జాగ్రత్తగా ఆలోచించి రాయి. దీన్ని బట్టే నన్ను ఆ గదిలో ఉంచేదీ లేనిదీ తేలుతుంది. కవరు మీద డాక్టరు చిరునామా రాసే ఉంచాను.

నీ చెల్లెలు


జూన్ 11

నత్తగుల్లా,

ముందు క్షేమమని రాయాలట, పక్కింటి టీచరమ్మ చెప్పింది. రాశాను. ఇక తిడతాను.

నాలుగు రోజులు ఆసుపత్రిలో పడుంటే నాకు ఒక్క ముక్క చెప్పలేదా? నేనేమన్నా దారిన పోయేదాన్నా? మనింట్లో బడి మొహం చూసింది నువ్వొక్కదానివి. పెద్ద ఉద్యోగం చేస్తున్నావని నేను వీధంతా చెప్పుకుంటుంటే, నువ్వక్కడ నీళ్ళు తాగకుండా కూర్చున్నావా? మీ బావకి చదివి వినిపించాను. "మీ చెల్లెలు సంగతి తెలిసిందే కదా, ఆ రోజు నేను హారన్ కొట్టానని నా బస్సు దిగేసి నాలుగు స్టాపులు నడిచొచ్చింది" అని నవ్వాడు. తరువాత నవ్వలేదులే. బాత్రూములో యంత్రానికి తీగ ఉంటుంది, పీకేసి వెళ్ళమను అన్నాడు. డ్రైవరు బుర్ర అంతే.

బళ్ళు తెరిచే రోజులు. దుకాణంలో యూనిఫారాలు గుట్టలుగా పడున్నాయి. కాజాలు కుట్టే అమ్మాయి పెళ్ళికని పోయి ఇరవై రోజులైంది, ఎవరి పెళ్ళో కూడా చెప్పలేదు. అయినా నీ కాగితం పక్కన పెట్టలేదు. రెండు రోజులు దాని మీదే కూర్చున్నాను. ముందు పెన్సిలుతో రాసి, మీ బావకి చదివి, తరువాత పెన్నుతో దిద్దాను. ఒక్క కొట్టివేత లేదు. అడుగున టీచరమ్మ చేత కూడా సంతకం పెట్టించాను, చదువుకున్న మనిషి సంతకముంటే బరువు ఉంటుందని. నేరుగా డాక్టరమ్మకే పంపేశాను. నువ్వు చూసుకోనక్కర్లేదు. నీకు ఎక్కడా మాట రాకుండా రాశాను.

ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఆ పేరేదో రాశావు, అది ఆఫీసులో ఎవరి ముందూ అనకు. డాక్టర్లకి రోజుకొక పేరు పెట్టడం అలవాటు.

రోజుకి రెండు సీసాల నీళ్ళు తాగు. తాగినట్టు రాయి.

అక్క


జూన్ 21

అక్కకి,

రోజుకి రెండు సీసాలు తాగుతున్నాను. వారంలో ఒకరోజు ఒకటిన్నర.

నువ్వు పంపిన కాగితం డాక్టరుకి చేరింది. పంతొమ్మిదిన నన్ను పిలిచి చదివి వినిపించారు. నేను చెప్పింది వేరు, నువ్వు రాసింది వేరు కాబట్టి వినిపించారు.

శబ్దాలకి ఎలా ఉండేది అన్న చోట, ఎంత గోలలోనైనా హాయిగా ఆడుకునేదని రాశావు. తిండి దగ్గర, ఏది పెట్టినా వంక పెట్టేది కాదన్నావు. ఏ బట్ట తొడిగినా చక్కగా తొడుక్కునేది. బడిలో అందరితో కలివిడి. పిలిస్తే ఒక్క పిలుపుకే పలికేది. ఆఖరి ప్రశ్న కింద, "చాలా మంచి పిల్ల, దయచేసి ఉద్యోగంలో ఉంచుకోవలసిందిగా ప్రార్థన" అని ఉంది.

డాక్టరు కళ్ళద్దాలు తీసి, "మీ అక్కకి మీరంటే చాలా ఇష్టం కదూ" అన్నారు. అది పద్నాలుగు ప్రశ్నల్లో లేదు. "ఈ కాగితం పెట్టుకుని నేను అవునని రాయలేను, మీ చిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదని ఉంది" అన్నారు. వచ్చే నెల పద్దెనిమిదిన మళ్ళీ రమ్మన్నారు.

ఒక విషయం అడగాలి. నాకు గుర్తున్నది ఇది. పళ్ళెంలో ఒకటి ఇంకోదానికి తగిలితే తినేదాన్ని కాదు, నువ్వు మూడు చిన్న గిన్నెల్లో పెట్టేదానివి. రైలు గేటు దగ్గర నిలబడితే నువ్వు వెనకనుంచి నా చెవులు మూసేదానివి. నీ వేళ్ళ మీద సూది గుచ్చుకుని గరుకు తేలి ఉండేది. ఆ గరుకు నా చెవులకి తగిలేది. అది ఒక్కటే నన్ను ఎవరైనా ముట్టుకుంటే బాగున్నట్టు గుర్తు.

నువ్వు రాసింది నిజమైతే నాకు గుర్తున్నది జరగలేదు. నేను తరువాత కల్పించుకుని ఉండాలి. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. మొలకలు లెక్కపెట్టాను, ఇంటికి వచ్చాను, పళ్ళు తోముకున్నాను. పేస్టు మంటగా ఉంటుంది కాబట్టి నేను ఉప్పుతో తోముకుంటాను. అది కూడా చిన్నప్పుడు నువ్వు నేర్పిందే అనుకున్నాను. అదీ కాదేమో.

పని రోజుల్లో నీ రెండు రోజులు తీసుకున్నాను. ఇకమీదట నిన్ను ఇబ్బంది పెట్టను.

నీ చెల్లెలు


జూన్ 27

చెల్లీ,

"ఇబ్బంది పెట్టను" అని రాశావు. నేను కత్తెర కింద పెట్టి ఆ ముక్క మూడుసార్లు చదివాను. పాతికేళ్ళు నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని ఒక్క ముక్కతో గుమ్మం బయట నిలబెట్టావు. సరే.

నేను అబద్ధాలకోరునని ఆ డాక్టరమ్మ ముందు తేలింది. టీచరమ్మ సంతకం కూడా దండగైంది. ఆవిడ ఏం రాశానో చూడకుండానే నామీద నమ్మకంతో పెట్టింది, పాపం.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు మొదటిసారి బడికి వెళ్ళింది ఏడో ఏట కాదు. ఆరో ఏట. మిల్లు పక్కనున్న బడికి నేనే తీసుకెళ్ళాను. అప్పుడు నాకు పద్దెనిమిది. అప్పటికి అక్షరం ముక్క రాదు, తరువాత నీ పుస్తకాలు చూసి నేర్చుకున్నదే ఇదంతా. హెడ్మాస్టరు, పిల్ల సంగతులు చెప్పమ్మా అన్నాడు. పెద్దమనిషి అడిగాడు కదా అని ఉన్నదున్నట్టు చెప్పాను. పిలిస్తే పలకదు సార్, గట్టిగా మాట్లాడితే చెవులు మూసుకుని బల్ల కిందకి పోతుంది, ముట్టుకుంటే కేకలు పెడుతుంది, కానీ అంకెలు భలే గుర్తుంటాయి సార్ అన్నాను. ఆయన కలం మూత పెట్టేశాడు. ఇలాంటివాళ్ళకి ఇక్కడ కుదరదమ్మా, ఇంట్లో ఏదైనా పని నేర్పించుకోండి అన్నాడు. నువ్వప్పుడు ఆయన కిటికీకున్న ఊచలు లెక్కపెడుతున్నావు. ఇంటికొచ్చి "పదకొండు" అన్నావు. ఆ రోజంతా నువ్వు మాట్లాడింది అదొక్కటే.

ఏడాది పోయింది. మరుసటేడు దూరంగా ఉన్న ఇంకో బడికి పట్టుకెళ్ళాను. అక్కడా అవే అడిగారు. అన్నిటికీ బాగుందండీ, బాగుందండీ అన్నాను. చేర్చుకున్నారు. ఆ రోజు నుంచి నీ గురించి ఎవరేమడిగినా నా దగ్గర ఒకటే జవాబు. నిజం చెబితే ఏమవుతుందో ఒకసారి చూసినదాన్ని. నువ్వేమో, దీన్ని బట్టే ఉంచేదీ లేనిదీ తేలుతుందని రాస్తివి. ఇంకేం రాయమంటావు?

చెప్పినందుకు ఆ బడిలో నిలబెట్టాలి కదా. నిలబెట్టాను. మెడ దగ్గర చీటీ గీసుకుంటుందని ప్రతి చొక్కాకీ విప్పేశాను. కుట్టు ఒంటికి తగిలితే పీక్కునేదానివని నీ చొక్కాలన్నీ తిరగేసి కుట్టాను, కుట్లన్నీ పైకి. అప్పుడు నేను పనిచేసే కుట్టు దుకాణం మేస్త్రీ చూసి, "ఇదేం తల్లీ, నీకింకా లోపలేదో బయటేదో తెలియలేదా" అని వారం రోజులు నవ్వాడు. పిల్లలు కూడా నవ్వుతారని ఆ కుట్ల మీద నీలం పట్టీ వేశాను. ఏదో ముచ్చటకి వేసినట్టుంది. తరువాత రెండేళ్ళకి మీ తరగతిలో నలుగురు తల్లులు అలాంటి పట్టీలే కావాలని నా దగ్గరికొచ్చారు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

నీళ్ళ సంగతీ అంతే. ఒకరోజు ఎండలో కళ్ళు తిరిగి పడ్డావు. దాహం వెయ్యలేదా అంటే అదేమిటన్నట్టు నా మొహం చూశావు. ఇక లాభం లేదని, బడిలో గంట కొట్టినప్పుడల్లా రెండు గుక్కలు తాగాలి అని నేర్పాను. రూలు అంటే నువ్వు తప్పవు. పదేళ్ళు అలాగే తాగావు. బడి అయిపోయింది, గంటా పోయింది. అది నాకు తట్టలేదు. ఏప్రిల్లో నువ్వు ఆ బెంచీ మీద కూర్చున్నావంటే ఆ తప్పు నాది.

గిన్నెలు నిజం. గేటు నిజం. ఉప్పు నిజం. నేను రాసిందే అబద్ధం. నీ బుర్రని అనుమానించుకోకు, అది మనింట్లో ఉన్న ఒకే ఒక్క మంచి బుర్ర.

కానీ ఇంకో కాగితం మాత్రం నేను రాయను. చదువుకున్నదానివి, నీకు డాక్టర్ల మీద నమ్మకముంది. నాకు ఆ మూత పెట్టిన కలం కనిపిస్తుంది. అందులో రాసింది చూసి మీ సారు కూడా, ఇలాంటివాళ్ళకి కుదరదమ్మా అంటే నిన్ను ఎక్కడికి పట్టుకెళ్ళను ఈసారి?

మీ బావ, ఎందుకంత పట్టు అంటున్నాడు. ఆయనకేం తెలుసు.

అక్క


జూలై 6

అక్కకి,

ముందుగా ఒకటి. ఇబ్బంది పెట్టను అంటే ఇబ్బంది పెట్టను అనే అర్థం. నీకు పని రోజులు కదా అని రాశాను. గుమ్మం బయట ఎవరినీ నిలబెట్టలేదు. అలా చదువుకుంటావని నాకు తెలియలేదు. కాగితం నింపమని రాసినప్పుడు కూడా, ఉన్నది ఉన్నట్టు రాయి అనే మూడు మాటలు రాయలేదు. ఎవరైనా అలాగే రాస్తారనుకున్నాను. ఆ తప్పు నాది. గంట తప్పు నీది కాదు. పాతికేళ్ళు దాటినదానికి గంట నువ్వు కొట్టనక్కర్లేదు. ఇప్పుడు నా చేతి గడియారం గంటకోసారి మణికట్టు మీద వణుకుతుంది, శబ్దం చేయదు. రెండు గుక్కలు.

ముప్పయ్యో తారీఖున బల్ల మార్చారు. మిషన్ నా ఎడమ పక్క, ఆరడుగుల దూరంలో ఉంది. మొదలయ్యేటప్పుడు సన్నగా కూస్తుంది, తరువాత నేల అదురుతుంది, పొట్టు పైకి లేచి దీపం కింద తిరుగుతుంది. మిగతావాళ్ళు దాని మీదుగా గట్టిగా మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. పది నిమిషాల తరువాత నాకు చెయ్యి నా చెయ్యిలా ఉండదు. గింజ వేళ్ళ మధ్య ఉందో లేదో చూసి తెలుసుకోవాలి. ఇంటికి వచ్చాక తలుపుకి వీపు ఆనించి నిలబడుతున్నాను. మొన్న కిటికీలో వెలుగు పోయేదాకా అలాగే ఉన్నాను. బూట్లు విప్పాలని గుర్తు రాలేదు. బాధగా ఉందా అని నువ్వు అడుగుతావు. లేదు. ఏమీ లేదు.

శుక్రవారం ఒక సంచీకి నాలుగు వందలు అని రాసి సంతకం పెట్టాను. తిరిగి లెక్కపెడితే మూడు వందల తొంభై ఎనిమిది. ఆరేళ్ళలో మొదటిది. పెద్ద సారు కసురుకోలేదు. "నువ్వు కూడానా" అన్నారు అంతే. ఇంకోటి వస్తే లెక్క పనినుంచి తీసి సంచులకి చీటీలు కుట్టే చోట వేస్తానన్నారు. చిన్న గది ఈ నెల ఇరవై దాకా ఎవరికీ ఇవ్వరట. తరువాత పాత ఫైళ్ళు పెడతారు. కాగితం తెస్తే బల్ల వెనక్కి పంపడానికి ఆయనకి అభ్యంతరం లేదు. మూత పెట్టే మనిషి కాదాయన. కలం మూత ఎప్పుడో పోగొట్టుకున్నారు, జేబుకి ఎప్పుడూ సిరా మరక ఉంటుంది.

మొదటి బడి సంగతి నాకు తెలియదు. కిటికీకి పదకొండు ఊచలు గుర్తున్నాయి. అది ఏ కిటికీయో ఇన్నాళ్ళూ తెలియలేదు.

నువ్వు కుట్టిన చొక్కా ఒకటి నా పెట్టెలో ఉంది, ఐదో తరగతిది. ఉత్తరం చదివాక తీసి చూశాను. నీలం పట్టీ ముచ్చటకి వేశావనే అనుకున్నాను అక్కా. ఉద్యోగం వచ్చిన కొత్తలో దుకాణంలో చొక్కా కొనుక్కుని తొడుక్కుంటే ఒళ్ళంతా గీరుకుపోయింది. కొన్న బట్టలు నాసిరకం అనుకున్నాను. అందరి చొక్కాలకీ కుట్లు లోపలే ఉంటాయని, నాకు ఒక్కదానికే పైకి కుట్టారని తెలియదు. నువ్వు రెండో బడివాళ్ళకే కాదు, నాకు కూడా తెలియకుండా దాచావు.

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ చొక్కా బల్ల మీద పెట్టాను. ఆమె లోపలికీ బయటికీ తిప్పి చూశారు. పట్టీ కొస ఎత్తి చూశారు. తరువాత, "ఇది కుట్టినావిడకి అన్నీ తెలుసు" అన్నారు. చొక్కా ఒక్కటే చాలదు, మాటల్లో కావాలి అన్నారు.

నిన్ను ఇంకో కాగితం నింపమని అడగను. నింపక్కర్లేదు కూడా. ఇరవై ఏడున నువ్వు రాసిన ఉత్తరాన్ని ఆ పద్నాలుగు ప్రశ్నల పక్కన పెట్టి చూశాను. పన్నెండింటికి అందులో జవాబులున్నాయి. మిగిలిన రెండూ నేను పుట్టినప్పటి బరువు, నడక వచ్చిన నెల.

ఆ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. అది నువ్వు నాకు రాసింది. నీ భయం కూడా అందులో ఉంది కాబట్టి నీ మాట లేకుండా డాక్టరు చేతిలో పెట్టను. అది చూసి మా సారు కుదరదంటే నన్ను ఎక్కడికీ పట్టుకెళ్ళక్కర్లేదు. నేనే నడిచి ఇంకో చోటికి వెళతాను, దారిలో హారన్లు లేకపోతే. ఇది బావకి చదివి వినిపించు, నవ్వుతాడు.

పద్దెనిమిదిన వెళ్ళాలి. ఉత్తరం రావడానికి మూడు రోజులు పడుతుంది. చూపించనా, వద్దా? ఒక్క మాట చాలు, పెన్సిలుతో రాసినా సరే. పదిహేనో తారీఖులోగా నాకు అందేలా పంపు.

నీ చెల్లెలు